ఫ్లాపీ డిస్కుల లేఖనవిన్యాస భేదములు

తాళపత్రగ్రంథములను బరిష్కరించు పండితులకు లిపిభేదము క్రొత్త విషయము గాదు. ఆకు చేతఁ జిక్కినంతమాత్రమున గ్రంథము చేతఁ జిక్కినట్లు గాదు. అది యే లిపిలో వ్రాయఁబడినది, పత్రసంఖ్య యెచ్చట వేయఁబడినది, ఏ గుర్తు దేనికి సంకేతము అను నంశములు తెలిసినఁగాని యందలి విషయము బోధపడదు. 1971 మొదలుకొని యించుమించుగా ముప్పది సంవత్సరములు కంప్యూటరులకు వ్రాఁతయాకులుగా నుపయోగపడిన ఫ్లాపీ డిస్కుల విషయమునను నిదియే న్యాయము. అయితే భేద మొక్కటి కలదు. తాళపత్రమునందలి గంటపుగీఁత కంటికిఁ గానవచ్చును. ఫ్లాపీయందలి వ్రాఁత కానరాదు. చూపునకు సరిగా నొక్కతీరున నుండు రెండు డిస్కులలో నొకదానిని జదువు యంత్రము, రెండవదానిని శూన్యపత్రమని త్రోసివేయును. ఈ భేదము లెట్టివి, ఏల పుట్టెను, వానివలన గ్రంథరక్షకులకుఁ గలుగు బాధ యేమి యను నంశము లిందు వివరింపఁబడుచున్నవి.

విన్యాసమనఁగా నేమి

ఫ్లాపీ డిస్కనఁగా నయస్కాంతగుణము గల పదార్థము పూయఁబడిన పలుచని ప్లాస్టికు చక్రము. అది చతురస్రమైన తొడుగులోఁ దిరుగుచుండఁగా, డ్రైవనెడు యంత్రములోని వ్రాఁతముల్లు దానిపై నయస్కాంతచిహ్నములను నిలుపును; మరల వానిని జదువును. ఆ ముల్లు మెట్లుమెట్లుగా లోపలికిని వెలుపలికిని జరుగును. ఒక్కొక్క మెట్టున నొక్కొక్క వలయ మేర్పడును. దీనికే ట్రాకని పేరు. గ్రామఫోను పలకయందలి గాడివలె నిది చుట్టలు చుట్టుకొని లోపలికిఁ బోవునది కాదు. ఏ వలయమున కావలయమే మూసికొని యుండును. ప్రతివలయమును మరల ఖండములుగా విభక్తమగును. ఈ ఖండమునకు సెక్టారని పేరు.

క్రొత్త డిస్కునందు సాధారణముగా నీ వలయములు గాని ఖండములు గాని యుండవు. వానిని యంత్రమే వ్రాసి యేర్పఱచవలెను. ఈ యేర్పాటునకు ఫార్మాటని పేరు. తెలుఁగున విన్యాసమని వ్యవహరింపవచ్చును. విన్యాసమునం దైదంతస్తులు గలవు. మొదటిది, ఖండ మెచ్చట మొదలగునో తెలుపు గుర్తు. రెండవది, అయస్కాంతచిహ్నములను సున్నలుగను నొకట్లుగను గ్రహించు సంకేతము. మూఁడవది, వలయముల సంఖ్యయు, ఖండముల సంఖ్యయు, ఒక్కొక్క ఖండమునం దిముడు బైట్ల సంఖ్యయు. నాలుగవది, ఏ లేఖ యే ఖండములం దున్నదో తెలుపు సూచిక. అయిదవది, ఏ సంఖ్య యే యక్షరమునకు గుర్తో తెలుపు నక్షరసంకేతము. ఈ యైదింటిలో నేయొక్కటి తెలియకున్నను డిస్కునందలి విషయము చేతికి రాదు. తొలినాళ్ల యంత్రనిర్మాత లీ యైదింటియందును నెవరి దారిని వారు పోయిరి.

ఎనిమిదంగుళముల డిస్కు

మొట్టమొదటి ఫ్లాపీ 1971లో ఐ.బి.ఎం. వారిచే వెలువరింపఁబడెను. దాని వ్యాస మెనిమిదంగుళములు. అది సిస్టం 370 అను పెద్దయంత్రములకుఁ గావలసిన యంతరంగికోపదేశముల నందించుటకుఁ బుట్టినది. దానిని యంత్రము చదువఁగలదే కాని దానిపై వ్రాయఁజాలదు. అందు నిమిడిన విషయ మించుమించుగా 80 కిలోబైట్లు. వ్రాయుటకును జదువుటకును దగిన డిస్కును 1973లో ఆ సంస్థవారే 3740 అను పేరుగల యంత్రముతో వెలువరించిరి. అంతకుముందు లెక్కలు, జాబితాలు రంధ్రములు పొడిచిన అట్టకార్డులపై నెక్కింపఁబడుచుండెను. ఒక కార్డునఁ బట్టు నక్షరములు 80. క్రొత్త డిస్కునందలి ఖండమునకు 128 బైట్లు. కావున నొక కార్డునందలి విషయ మొక ఖండములో నిమిడి, యింకను జోటు మిగులుచుండెను.

ఈ డిస్కున 77 వలయములును, వలయమునకు 26 ఖండములును గలవు. ఇందు విషయమునకై యేర్పడినవి 73 వలయములు. సూచికకును, చెడిన వలయములకు బదులుగా వాడుటకును దక్కినవి యుంచఁబడెను. ఆ 73 వలయములలో 1,898 ఖండము లుండెను గాన మొత్తము 242,944 బైట్లు పట్టుచుండెను. ఖండారంభమును దెలుపుటకు డిస్కునఁ బ్రత్యేకముగా రంధ్రములు లేవు. చుట్టు పూర్తియైనదని తెలుపు రంధ్ర మొక్కటియే కలదు. ఖండముల గుర్తులన్నియు నయస్కాంతచిహ్నములతోనే వ్రాయఁబడెను. దీనికి మృదుఖండ పద్ధతి యని పేరు.

మఱికొందఱు నిర్మాత లీ పద్ధతి నవలంబింపలేదు. వ్రాఁతలోని గుర్తును బోల్చుకొనుటకు విద్యుత్పరికరము లెక్కువ కావలసియుండెను. దానికంటె డిస్కునకే వరుసగా రంధ్రములు పొడిచి, వానిగుండఁ బ్రసరించు వెలుతురును గనిపెట్టుట చౌక. ఎనిమిదంగుళముల డిస్కునకు 32 ఖండరంధ్రములును, వానితో నొక యారంభరంధ్రమును గల పద్ధతి యిట్లు పుట్టెను. దీనికిఁ గఠినఖండ పద్ధతి యని పేరు. ఒక పద్ధతికై చేయఁబడిన డ్రైవునం దింకొక పద్ధతి డిస్కును బెట్టిన నేమియుఁ జదువఁబడదు. రెండు డిస్కులకును గొలఁతయు, తొడుగును, పూఁతయు నొక్కటే. రంధ్రములసంఖ్య మాత్రమే వేఱు.

సంకేతములు మూఁడు

వ్రాఁతముల్లు డిస్కుపై నక్షరములను వ్రాయదు. అయస్కాంతదిశను మార్చుచుఁ బోవును. నియతమైన కాలములో మార్పు గలిగిన నొకటి, లేకున్న సున్న యని సామాన్యార్థము. వరుసగాఁ బెక్కు సున్నలు వచ్చినపుడు మార్పులే యుండవు గాన, నెన్ని సున్నలు గడచెనో యంత్రమునకుఁ దెలియదు. తాళము వేయువారు లేక దీర్ఘాలాపములో మాత్రలు లెక్కించుటవంటి దిది. ఈ చిక్కును దీర్చుటకు మూఁడుపద్ధతు లేర్పడెను.

మొదటిది, ప్రతి బిట్టునకు ముం దొక తాళపుగుర్తు వేయుట. 3740 డిస్కునం దిదియే వాడఁబడెను. ఇందుఁ దాళమునకే సగముచోటు వ్యయమగును. రెండవది, రెండు సున్నలు వరుసగా వచ్చినచోటనే తాళపుగుర్తు వేసి తక్కినచోట్ల విడిచిపెట్టుట. దీనిచే నదే డిస్కున నిబ్బడివిషయము పట్టును. కావుననే దీనికి ద్విసాంద్రలేఖన మని పేరు. మూఁడవది వర్గసంకేతము. ఇందు బిట్టుల నున్నవి యున్నట్లుగా వ్రాయక, గుంపులుగా విడఁదీసి, యొక్కొక్క గుంపునకు బదులు సున్నలు వరుసగా నెక్కువ రాని వేఱొక గుంపును వ్రాయుదురు.

ఒక్కొక్కచో నొకే డిస్కున రెండు సంకేతములు గలిసియుండుటయుఁ గలదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనువారి ఆర్.ఎక్స్. 02 అను డిస్కునం దొక్కొక్క ఖండమునకును శీర్షిక మొదటి సంకేతముతోడను, విషయము రెండవ సంకేతమునకుఁ గొంతమార్పు చేసిన దానితోడను వ్రాయఁబడెను. శీర్షిక గ్రంథలిపిలోను, విషయము తెలుఁగులిపిలోను వ్రాసిన పత్రమువంటి దది. ఒకే లిపి నెఱిఁగిన పాఠకుఁ డట్టి పత్రమును సగమే చదువఁగలుగునట్లు, సామాన్యమైన డ్రైవు దీనిని బూర్తిగాఁ జదువఁజాలదు.

ఐదుంబావంగుళముల డిస్కు

1976లో షుగార్ట్ సంస్థవా రైదుంబావంగుళముల డిస్కును, దానికిఁ దగిన ఎస్.ఎ. 400 అను డ్రైవును వెలువరించిరి. దానికి 35 వలయములు. ఇంటికిఁ గొనిపోఁదగిన చిన్నకంప్యూటరు లప్పుడప్పుడే పుట్టుచుండెను గాన నది శీఘ్రముగా వ్యాపించెను. ఎనిమిదంగుళముల డిస్కునకు ఐ.బి.ఎం. వారి విన్యాసము ప్రమాణముగా నుండెను. ఈ చిన్నడిస్కున కట్టి ప్రమాణ మేదియు లేదు. విన్యాసభేదములు విచ్చలవిడిగాఁ బ్రబలినది యిచ్చటనే.

నార్త్‌స్టార్ అను సంస్థవారు డిస్కునకుఁ బది ఖండరంధ్రములు పొడిచి, ఖండమునకు 256 బైట్ల చొప్పున 35 వలయములలో 89,600 బైట్లు పట్టించిరి. ఆపిల్ సంస్థకై 1978లో స్టీవ్ వోజ్నియాక్ నిర్మించిన డ్రైవు రంధ్రముల జోలికే పోలేదు; ఆరంభరంధ్రమును గూడ నది చూడదు. అందలి విద్యుత్పరికరములు మిక్కిలి తక్కువ. వానిపనిఁ జాలవఱకుఁ గంప్యూటరే చేయును. వర్గసంకేతమును వాడి యాతఁడు వలయమునకుఁ బదుమూఁడు ఖండముల నమర్చెను. మొత్తము 116,480 బైట్లు. ఆ సంకేతమున నెనిమిది బిట్టుల గుంపున కైదు బిట్టుల విషయ మిముడుచుండెను. రెండు సున్నలు ప్రక్కప్రక్కల వచ్చినను యంత్రము పొరపడదని గ్రహించిన పిమ్మట, 1980లో నదే గుంపున నాఱుబిట్టుల నిమిడ్చి, ఖండములను బదునాఱు చేసిరి. డిస్కు మాఱలేదు, డ్రైవు మాఱలేదు. రెండు చిన్నపరికరములును, నడపు ప్రోగ్రామును మాత్రమే మాఱెను. 143,360 బైట్లు పట్టెను. కాని పాతడిస్కులు క్రొత్త పద్ధతిలోఁ దిన్నగాఁ జదువఁబడకపోయెను. వానియందలి లేఖలను గ్రొత్తడిస్కులకుఁ దరలించుటకై యొక ప్రత్యేకమైన ప్రోగ్రామును గూడ నీయవలసివచ్చెను. రెండుసంవత్సరముల వ్యవధిలో నొకే సంస్థవారి డిస్కులకు నొకదానితో నొకటి పొందిక లేకపోయినది.

కమడోర్ సంస్థవారు 1982లో వెలువరించిన 1541 డ్రైవు వేఱొక మార్గమునఁ బోయెను. డిస్కునందు వెలుపలి వలయములు పెద్దవి, లోపలివి చిన్నవి. అన్నింటియందును సమానముగా ఖండముల నమర్చినచో వెలుపలి చోటు వృథా యగును. కావున వారు మొదటి 17 వలయములకు 21 చొప్పునను, తరువాతి 7 వలయములకు 19 చొప్పునను, ఆపై 6 వలయములకు 18 చొప్పునను, కడపటి 5 వలయములకు 17 చొప్పునను ఖండముల నేర్పఱచిరి. మొత్తము 683 ఖండములు, 174,848 బైట్లు. సూచిక డిస్కుమొదట నుండక, నడుమనున్న 18వ వలయమునం దుంచఁబడెను. వ్రాఁతముల్లు సూచికను జూచి యెచ్చటికిఁ బోవలసివచ్చినను దూరము తక్కువగునని దీని తాత్పర్యము. ఇందలి యుపాయములన్నియుఁ బ్రశంసనీయములే. కాని సామాన్యమైన యితరయంత్ర మేదియు నీ డిస్కును జదువఁజాలదు.

తన్నుఁ దా నెఱిఁగించుకొను డిస్కు

గ్యారీ కిల్డాల్ 1974లో రచించిన సి.పి./ఎం. అను నియంత్రణవ్యవస్థ పెక్కు సంస్థల యంత్రములలో నడచెను. ఎనిమిదంగుళముల డిస్కులపై దానికి 3740 విన్యాసమే మాఱకపువ్యవహారమునకుఁ బ్రమాణ మయ్యెను. అయినను 3740 యంత్రమునందలి యక్షరసంకేతము ఎబ్సిడిక్ అనునది, సి.పి./ఎం. నందలిది ఆస్కీ. వలయములును ఖండములును సరిపోయినను నక్షరములు సరిపోవు.

ఐదుంబావంగుళముల డిస్కులపై నా పాటి యైకమత్యమును లేకపోయెను. 1981లో వెలువడిన ఆస్‌బోర్న్ 1 యంత్రమున 40 వలయములు, పదేసి ఖండములు, ఖండమునకు 256 బైట్లు. 1982లో వెలువడిన కేప్రో 2 యంత్రమున 40 వలయములు, పదేసి ఖండములు. కాని ఖండమునకు 512 బైట్లు. రెండును సి.పి./ఎం. యంత్రములే, రెండింట నొకే ప్రోగ్రాము నడచును, కాని యొకదాని డిస్కు రెండవదానికి సహజముగా నందదు. ఇంతకంటెఁ జిక్కైన సంగతి మఱియొకటి కలదు. సూచిక యే వలయమున మొదలగును, ఖండములు చదువవలసిన వరుస యేది, యొక్కొక్క లేఖకుఁ జోటు నెన్నేసి బైట్ల చొప్పునఁ గేటాయింతురు అను వివరములు డిస్కుపై వ్రాయఁబడియుండలేదు. అవి యంత్రములోపలి ప్రోగ్రామునందే యుండెను. యంత్రము పోయెనా, డిస్కునకు వ్యాఖ్యానము పోయినట్లే.

దీనికిఁ బ్రతిగా ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు డిస్కును బరిశీలింపవలెను. 1981లో దాని విన్యాసము 40 వలయములు, ఎనిమిదేసి ఖండములు, ఖండమునకు 512 బైట్లు, ఒకవైపు మాత్రమే. మొత్తము 163,840 బైట్లు. 1982లో రెండువైపుల వ్రాయుట వచ్చెను. 1983లో వెలువడిన డాస్ 2.0తో ఖండములు తొమ్మిదేసి యయ్యెను. రెండువైపులఁ గలిసి 368,640 బైట్లు. ఈ మార్పులు గలిగినను గ్రొత్త డాస్ పాతడిస్కులను జదువుచునే యుండెను. ఎట్లనఁగా, 1983నుండి డిస్కు మొదటిఖండమునందే యొక చిన్నపట్టిక వ్రాయఁబడెను. ఖండమునకు బైట్లెన్ని, వలయమునకు ఖండములెన్ని, వైపులెన్ని, సూచిక యెంత యను వివరము లందుఁ గలవు. ఆశ్వాసాంతగద్యము కవినామమును, గ్రంథనామమును దెలుపునట్లు, ఈ పట్టిక డిస్కుయొక్క స్వరూపమును దానే తెలుపును. ఆ యంత్రముల విన్యాసములు నిలిచి వ్యాపించుటకు విపణిలో వాని యాధిక్యమే ముఖ్యకారణ మైనను, నాఁటి డిస్కులు నేఁటికిని సులభముగాఁ జదువఁబడుటకు నీ పట్టిక చేసిన మే లల్పము గాదు.

అయినను నా వంశమునందును దోషము లేకపోలేదు. 1984లో వచ్చిన ఏ.టి. యంత్రమున వలయములు 80, ఖండములు 15. మొత్తము 1,228,800 బైట్లు. ఎనుబది వలయములు వ్రాయుటకు ముల్లు సన్నముగా నుండవలెను. ఆ సన్నముల్లుతోఁ బాత 40 వలయముల డిస్కుపై మరల వ్రాసినచో వలయపుటంచులఁ బూర్వపువ్రాఁత చెఱుపుపడక నిలుచును. పాతయంత్రపు వెడల్పైన ముల్లు క్రొత్తవ్రాఁతను, పాతవ్రాఁతను గలిపి చదివి తికమకపడును. జపానులో ఎన్.ఇ.సి. వారి పి.సి.-98 వంశము, అంతే పెద్దదియగు డిస్కున 77 వలయములను, 1,024 బైట్ల ఖండము లెనిమిదింటిని వాడెను. ఎనిమిదంగుళముల నాఁటి 77 సంఖ్య చిన్నడిస్కుమీఁదికిని వచ్చినది.

మూఁడున్నర యంగుళముల డిస్కు

సోనీ సంస్థవారు నిర్మించిన మూఁడున్నర యంగుళముల డిస్కు గట్టితొడుగుతో వచ్చెను. తొడుగు సమానమైనది గాని వ్రాఁత సమానము గాలేదు. 1984లో వచ్చిన మాకింటాష్ యంత్రమున 80 వలయములు పదునాఱేసి చొప్పున నైదు మండలములు చేయఁబడి, వానికి వరుసగా 12, 11, 10, 9, 8 ఖండము లీయఁబడెను. కమడోర్ యంత్రమున భ్రమణవేగము మాఱక వ్రాఁతవేగము మాఱును. మాకింటాష్‌నందు డిస్కు తిరుగువేగమే నిమిషమునకు 394 చుట్లు మొదలుకొని 590 చుట్లవఱకు మాఱును. ఒకవైపునఁ బట్టునది 409,600 బైట్లు. 1985లో వచ్చిన అమిగా యంత్రము వలయమునంతయు నొక్కసారిగా వ్రాయును గాన ఖండములనడుమ విడువవలసిన చోటు మిగిలి, వలయమునకుఁ బదునొకండు ఖండములు పట్టెను. రెండువైపులఁ గలిసి 901,120 బైట్లు. అదే డిస్కున డాస్ యంత్రములు తొమ్మిదేసి ఖండములతో 737,280 బైట్లే పట్టించెను.

1987లో ఐ.బి.ఎం. వారు పదునెనిమిదేసి ఖండములు గల 1,474,560 బైట్ల విన్యాసమును వెలువరించిరి. లోకమున 1.44 మెగాబైట్ల డిస్కని పేరుగన్న దిదియే. ఆ పేరునందలి లెక్కయు విచిత్రము: వేయి కిలోబైట్ల నొక మెగాబైటుగను, 1,024 బైట్ల నొక కిలోబైటుగను నెన్నినఁగాని యా సంఖ్య రాదు. 1988నుండి మాకింటాష్ యంత్రములును దీనిని జదువసాగెను. పదునాఱు సంవత్సరములకుఁ బైగా సాగిన విభేదము లిట్లు చాలవఱకు సద్దుమణఁగెను. సోనీవారు జపానులో వీని విక్రయమును 2011 మార్చితో నిలిపివేసిరి.

భేదములకుఁ గారణములును ఫలమును

ఇన్ని విన్యాసము లేల పుట్టెనని విచారించినచో మూఁడు కారణములు గానవచ్చును. పరికరముల ఖరీదు తగ్గించుకొనుట యొకటి. ఉన్నచోటున మఱికొంత విషయము నిమిడ్చుకొనుట రెండవది. పొరుగుయంత్రములతోఁ బొందిక కుదురువఱకు నాఁగక త్వరగా విపణికిఁ బోవలెనను తొందర మూఁడవది. నిర్మాతలలో నెవ్వరును దెలివిమాలిన పని చేయలేదు. ప్రతివాఁడును దన యంత్రమునకు మేలైన విన్యాసమునే కల్పించెను. ఆ మేళ్లన్నియుఁ జేరి, చదువవలసిన వారికిఁ గీడయ్యెను.

అమెరికా చిత్రకారుఁడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా యంత్రముపై వ్రాసిన చిత్రము లిందుల కుదాహరణము. ఆయన 1987లో మరణించెను. డిస్కులు పిట్స్‌బర్గులోని యాయన సంగ్రహాలయమునఁ బెట్టెలలో నుండిపోయెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపుఁ గంప్యూటరు సంఘమువారు వానిని జదివి చిత్రముల నుద్ధరించిన సంగతి 2014లోఁ బ్రకటింపఁబడెను. డిస్కును జదువుటతోనే పని తీఱలేదు. చిత్రములు తొలినాళ్ల ప్రోగ్రాములచే నపరిచితమైన రూపమున దాఁచఁబడియుండెను గాన వారా రూపమును గూడ శోధించి తెలిసికొనవలసివచ్చెను. ఇట్టి పనికై నేఁడు క్రియోఫ్లక్స్ మున్నగు పరికరములు గలవు. అవి ఖండములను, సూచికలను ముందుగా నూహింపక, వలయమునందలి యయస్కాంతదిశ యెప్పుడెప్పుడు మాఱినదో యా కాలమును మాత్రమే నమోదుచేయును. విన్యాసము నూహించుట తరువాతిపని. శిథిలపత్రమునకు ముందు యథామాతృకముగాఁ బ్రతి వ్రాసికొని, పిమ్మట పాఠనిర్ణయము చేయు పరిష్కర్తల రీతియే యిది.

తెలుఁగువారి కీ విషయము దూరపుమాట గాదు. 1990 దశకమునఁ దెలుఁగు గ్రంథములును, పత్రికలును గంప్యూటరులపైఁ గూర్పఁబడి ఫ్లాపీలలో భద్రపఱుపఁబడెను. అవి చాలవఱకు డాస్ విన్యాసముననే యుండుటచే మొదటి నాలుగంతస్తులు సులభముగా దాఁటవచ్చును. కాని యైదవదగు నక్షరసంకేతమునొద్ద చిక్కు గలదు. భారతీయలిపులకై ఇస్కీ ప్రమాణము 1991లో నేర్పడెను. ఆ సంవత్సరముననే యూనికోడ్‌నందుఁ దెలుఁగు చేరెను. అయినను నాఁటి కూర్పుపని పెక్కుచోట్ల నక్షరరూపముల నిర్మాతలు తమతమకై కల్పించుకొన్న సంకేతములతోనే జరిగెను. ఒకదానియందు ‘క’కుఁ జెల్లిన సంఖ్య వేఱొకదానియందు గుడికో కొమ్మునకో చెల్లును. ఆ యక్షరరూపముల పేరు తెలియనిచో డిస్కు చదువఁబడియుఁ జదువఁబడనిదే యగును.

కావున నిట్టి డిస్కులు గల గ్రంథాలయములును, అచ్చుకూటములును, రచయితల కుటుంబములును జేయవలసినది స్పష్టము. డిస్కుపైఁ గాని, దానితోఁ గూడనుంచు కాగితముపైఁ గాని నాలుగు సంగతులు వ్రాసియుంచవలెను: ఏ యంత్రముపై వ్రాసినది, ఏ సంవత్సరమున, ఏ ప్రోగ్రాముతో, ఏ యక్షరరూపములతో. పరికరము లభించినచోఁ బూర్ణప్రతిని దీయించి, మూలపు డిస్కును బాఱవేయక యుంచవలెను. పూఁత రాలుచున్న డిస్కును సామాన్యపు డ్రైవులోఁ బెట్టి పదేపదే త్రిప్పిచూడరాదు. ముల్లొరసికొని యున్న వ్రాఁత గూడఁ బోవును. ఆ నాలుగు సంగతు లెఱిఁగిన వ్యక్తులు జీవించియున్న కాలముననే యడిగి వ్రాసికొనుట మేలు. ఏలయన డిస్కు వానిని దనంతట తాను జెప్పదు.